పెంచినవారి ఋణము

తిరువూరు మామిడితోటలకును, పత్తి మిరప చేలకును పేరుగన్న యూరు. 2022వ సంవత్సరమున జిల్లాలు పునర్విభజింపబడు వరకు కృష్ణాజిల్లాలో నుండెను, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నది. ఊరు విడిచి కొంతదూరము పోయినచో ఖమ్మము జిల్లా పొలిమేర, అనగా తెలంగాణము, తగులును. ఇట్టి సరిహద్దుటూళ్ల వారికి ప్రయాణము క్రొత్తగాదు. పూర్వము సంతకును తిరునాళ్లకును, పిమ్మట చదువునకై విజయవాడకును, ఉద్యోగమునకై హైదరాబాదునకును పోయినవారి బిడ్డలు నేడు అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములకు పోవుచున్నారు. ఆ ప్రయాణపు తంతు ఇంటింట కంఠస్థమైనది: పాసుపోర్టు, వీసా, పెట్టెల తూకము, ఆవకాయ కారకుండ మూటకట్టు విధము. ఇటీవల ఈ తంతులో నొక ప్రశ్న వచ్చి చేరినది. ఇంట పెరిగిన కుక్క మాట యేమి?

ఈ ప్రశ్న విని నవ్వువారు గలరు. మనుష్యులకే దిక్కులేని లోకమున కుక్క గోడేమని యందురు. నవ్వు తీరిన పిమ్మటను ప్రశ్న యట్లే మిగిలియుండును. ఏలయన విమానమెక్కు దినమున కుక్క గుమ్మములో నుండనే యుండును. పెట్టెలు సర్దుచుండుట చూచి యేదో కానున్నదని అది కలవరపడును; ఏమి కానున్నదో దానికి చెప్పగలవారు లేరు. దానిని వెంట గొనిపోవుటయా, ఎవరికైన నప్పగించుటయా, వీథిలో విడుచుటయా యని గృహస్థుడు నిర్ణయింపక తప్పదు. ఏమియు నిర్ణయింపక తుదిదినము వరకు సాగదీయుటయు నొక నిర్ణయమే. తఱచుగా నది యన్నిటికంటె చెడ్డది.

తెలుగున "పెంపుడు" అను మాటకు గల వ్యాప్తి విచిత్రమైనది. పెంపుడు కొడుకనియు, పెంపుడు తల్లియనియు, పెంపుడు చిలుకయనియు ఒకే విశేషణమును వాడుదుము. ఇంగ్లీషువారు పెంచుకొన్న బిడ్డకు ఒక మాటయు, ఇంట పెరుగు పిల్లికి వేరొక మాటయు నుంచుకొనిరి. మన భాష పెంపును జూచినది గాని పెరిగినది యెవరని చూడలేదు. భాషలోని యీ యౌదార్యమును మన నడవడి యన్నివేళల నిలిపినదని నేననను. మడిగట్టుకొన్న యిండ్లలో కుక్క గడప దాటి లోనికి వచ్చుట మహాపచారముగా నుండెను. పిల్లి మాత్రము వంటయింట స్వేచ్ఛగా తిరుగుచుండెను. అశుచి యను పేరిట ఒక ప్రాణిని గుమ్మమునకావల నిలుపుట మనకు సాటిమనుష్యుల విషయముననే చిరకాలముగా నభ్యాసమైన విద్య. ఇక కుక్కల మాట చెప్పనేల?

అయినను ఆ పాత యేర్పాటులో నొక సుగుణము లేకపోలేదు. గృహస్థుడు చేయవలసిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తాను భుజించుటకు మునుపు కాకికిని, కుక్కకును పిడికెడన్నము పెట్టవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. పల్లెలోని వీథికుక్క యొకరి సొత్తు కాదు. ఉదయమొక యింటి గంజియు, మధ్యాహ్నము వేరొక యింటి మెతుకులును, రాత్రి మరియొక యింటి యరుగును దానివి. ఆ వీథిలో నొక కుటుంబము ఊరు విడిచిపోయినచో దాని భోజనములో నొక ముద్ద తగ్గునే గాని దాని లోకము కూలిపోదు. నేడు మనము వెలపెట్టి తెచ్చుకొనుచున్న లాబ్రడారులు, పగ్గులు, సైబీరియా కుక్కలు అట్టివి కావు. కృష్ణాతీరపు వేసవిలో ఎండ 45 డిగ్రీల నంటుచుండగా మంచుదేశపు కుక్కను తెచ్చి చల్లదనపు యంత్రము క్రింద పరుండబెట్టుట యెంతవరకు న్యాయమో, అది వేరొక వ్యాసమునకు దగిన విషయము. ఇచ్చట జూడవలసిన దేమనగా, తలుపు లోపల పెరిగిన కుక్కకు ఊరు లేదు, ఇల్లే యూరు. వీథిలోని తక్కిన కుక్కలతో దానికి పరిచయము లేదు. ఎంగిలాకు వెదకికొనుట దానికి చేతకాదు. దాని ఆకలి, నిద్ర, భయము, ఆట యన్నియు నాలుగైదు ముఖములతో ముడిపడియుండును. పదిమందిది కావలసినదానిని మన మొక్కరిదిగా చేసికొంటిమి. పదిండ్లమీద పరచియుండిన బాధ్యత యంతయు ఒక యింటిమీదికి వచ్చుట దాని ఫలమే. ఆ యిల్లు కదలినప్పుడు అది యేమి కావలెననునది అందుచేతనే ధర్మప్రశ్న యగుచున్నది.

ఇక గొనిపోవుట యనిన నేమో తెలియక కొందరు సులభముగా మాటయిత్తురు. టిక్కెట్టు కొన్నంతమాత్రమున కుక్క సముద్రము దాటదు. మొదట దాని మెడచెంత చర్మము క్రింద బియ్యపుగింజ యంత మైక్రోచిప్ అను గుర్తును నిలుపవలెను. అందు 15 అంకెల సంఖ్య యుండును. గుర్తు నిలిపిన పిమ్మట వేసిన రేబీస్ టీకాయే లెక్కకు వచ్చును; ముందు వేసినది చెల్లదు. ఇంగ్లండు పోవలెనన్నచో టీకా వేసి కనీసము 30 దినములు గడచిన తరువాత రక్తము తీసి పరీక్షింపవలెను. అందు రోగనిరోధక శక్తి నిర్ణీత ప్రమాణమున గలదని తేలినను, రక్తము తీసిన దినమునుండి 3 నెలలు వేచియుండవలెను. అమెరికాలో 2024 ఆగస్టు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన నిబంధనల ప్రకారము 6 నెలలు నిండని కుక్కను రానీయరు. మన దేశము రేబీస్ ప్రమాద మధికముగా గల దేశముల పట్టికలో నున్నది గనుక, ఇచ్చట టీకా వేసికొన్న కుక్క కొన్ని నిర్దిష్టములైన విమానాశ్రయములలోనే దిగవలెను. రక్తపరీక్ష పత్రము లేనిచో 28 దినములు నిర్బంధమున నుండవలెను. ఆస్ట్రేలియా కట్టడి యింకను కఠినము. మన దేశమునుండి నేరుగా కుక్కను దిగనీయరు. వారంగీకరించిన మూడవ దేశమున నెలల తరబడి నివసింపజేసి, అచ్చటినుండి తెచ్చి, మెల్‌బోర్ను చెంతనున్న మికల్‌హామ్ నిర్బంధశాలలో మరల కొన్ని దినము లుంచవలెను. వీనియన్నిటికి తఱచు లక్షల రూపాయలు వ్యయమగును. పగ్గు, బుల్‌డాగు వంటి చప్పిడిముక్కు జాతులకు విమానమున ఊపిరాడక ప్రాణాపాయము కలుగవచ్చునని కొన్ని విమానసంస్థలు వానిని సరకుల గదిలో నెక్కించుకొననే యెక్కించుకొనవు.

పరదేశీయుల యీ కట్టుబాట్లు చూచి కోపించుట తగదు. ఇంగ్లండువారు తమ ద్వీపమునుండి రేబీసును పారద్రోలి, ఒక శతాబ్దముపాటు వచ్చిన ప్రతి కుక్కను 6 నెలలు బంధించియుంచి, 2000వ సంవత్సరమున గాని ఆ పట్టు సడలింపలేదు. ప్రపంచమున రేబీసుచే మరణించువారిలో మూడింట నొకవంతునకు పైగా మన దేశమువారే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా. పాశ్చరు మహాశయుడు 1885లో ఈ రోగమునకు టీకాను మనుష్యునికి మొదటిసారి వేసెను. కూనూరులో పాశ్చరు సంస్థ 1907లో వెలసెను. శతాబ్దమునకు మించి మందు చేత నుండగా మన వీథులలో బిడ్డలింకను కుక్కకాటునకు బలియగుచున్నారు. విదేశపు ద్వారమున మన కుక్కను నిలిపివేయునది వారి గర్వము కాదు, మన యజాగ్రత్త.

ఇంకొక మాట. ఆంధ్రదేశపు పశువులు సముద్రము దాటుట క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమునుండి ఒంగోలు జాతి యెడ్లును, ఆవులును ఓడలమీద బ్రెజిలు దేశమునకు పోయినవి. 1960 ప్రాంతమున మరల కొన్ని పోయినవి. వాని సంతతి యచ్చట కోట్లకు విస్తరించి, నెల్లూరు పేర నెలోర్ యని పిలువబడుచున్నది. వానిని గొనిపోయినవారు వాని మేలు కోరి గొనిపోలేదు. మాంసమునకును, సంకరమునకును గొనిపోయిరి. అవి సరకులుగా పోయినవి. నేడు తిరువూరునుండి పోవు కుక్క బంధువుగా పోవుచున్నది. ప్రయాణమొకటే యైనను ఈ భేదము సామాన్యమైనది కాదు. బంధువుగా పోవుదానిని గూర్చి మాత్రమే, దానికి పోవుట యిష్టమా, మేలా యని అడుగవలసి వచ్చును.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. తిరువూరులో నొక యిల్లనుకొందము. కొడుకును కోడలును ఆస్ట్రేలియాకు పోవుచున్నారు. అయిదేండ్లనుండి పెంచిన కుక్కను మూడవ దేశముమీదుగా గొనిపోవుటకు ఏర్పాట్లు చేసికొనుచున్నారు. తల్లి మాత్రము ఇంట నుండును. అరుగుమీది యమ్మలక్కలు ఊరకుందురా? "కన్నతల్లిని ఇక్కడ వదిలేసి కుక్కను విమానమెక్కిస్తున్నాడమ్మా!" అని యందురు. ఈ మాట మోటుగా నున్నది గాని దీనిని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. మన యూళ్లలో పెద్దయిండ్లు తాళములు వేసియున్నవి. తాళము వేయని యిండ్లలో ఒక ముసలమ్మయో, ముసలాయనయో యున్నారు. కుక్కకై నెలల తరబడి పత్రములు సంపాదించిన కొడుకు, తల్లికొరకు అందులో నాలుగవవంతు తిరిగెనా యని లోక మడిగిన తప్పేమి?

ఈ యాక్షేపణ క్రొత్తది కాదు. మహాప్రస్థానిక పర్వమున దేవేంద్రుడే దీనిని చేసెను. తిక్కన సోమయాజి తెలుగు చేసిన పర్వములలో ఇదియు నొకటి గనుక చదువరు లెరిగినదే. ద్రౌపదియు, తమ్ములు నల్వురును దారిలో నొకరొకరుగా పడిపోయిరి. ధర్మరాజు వెంట కడవరకు నడచినది ఒక కుక్క. రథము తెచ్చిన యింద్రుడు కుక్కకు స్వర్గమున చోటులేదని చెప్పి, దానిని విడిచి రమ్మనెను. శరణన్నదానిని విడుచుట బ్రహ్మహత్యతో సమానమని ధర్మరాజు కదలలేదు. అప్పుడు ఇంద్రుడు పట్టిన పట్టు చూడుడు: తమ్ములను విడిచితివి, భార్యను విడిచితివి, ఈ కుక్కను విడువలేవా? అరుగుమీది యమ్మలక్కల మాటకును దీనికిని ఏమి భేదము?

ధర్మరాజు చెప్పిన సమాధానము స్పష్టము. చనిపోయినవారిని నేను బ్రతికింపజాలను. వారు ప్రాణములతో నుండగా నేను విడువలేదు. ఇది ప్రాణముతో నా వెంట నున్నది. ఈ సమాధానము ధర్మరాజునకు చెల్లినది. మన కొడుకునకు చెల్లునా? అతని తల్లి బ్రతికియున్నది. భారతమును ప్రమాణముగా చూపి కుక్కను వెంటగొనిపోవువారు ఈ భాగమును మరువరాదు. ఆ కథ కుక్కను విడువరాదని చెప్పుచున్నది, నిజమే. ప్రాణమున్నవారిని విడువలేదని నిర్భయముగా చెప్పగలవాడే ఆ మాట యన్నాడనియు చెప్పుచున్నది.

అంతమాత్రమున నేను అరుగుమీది తీర్పునకు తలయొగ్గుట లేదు. తల్లికిని కుక్కకును నడుమ నొక భేదము గలదు. అది ప్రేమలో నెక్కువతక్కువల భేదము కాదు. తల్లి మాటలాడగలదు. "నేను రానురా, ఆ చలిలో నేనుండలేను, నా తులసికోటయు, నా యిరుగుపొరుగును ఇచ్చటనే" యని చెప్పగలదు; అనేకులు చెప్పుచునే యున్నారు. ఉండుమన్న నుండుటయు, పొమ్మని పంపుటయు ఆమె చేతిలోనివి. ఆమెతో నొడంబడిక చేసికొనవచ్చును. అది తప్పినప్పుడు ఆమె నిలదీయవచ్చును. కుక్కతో ఏ యొడంబడికయు లేదు. మన యవసరమునకు, మన ముచ్చటకు, బిడ్డ యేడ్చుచున్నదని, లేదా స్నేహితు లెవరో పెంచుచున్నారని మనమే దానిని తెచ్చితిమి. అది మనలను వదలిపెట్టుటకు సమ్మతింపజాలదు. ఋణమునుండి మనలను విముక్తులను చేయు నోరు దానికి లేదు. నోరులేని ఋణదాత యెడల నిజాయితీ యుంచుట కష్టము. ఎగవేసినను అడుగువారు లేరు గదా. తల్లిని విడుచుట తప్పయినచో ఆ తప్పు కుక్కను విడిచినంతమాత్రమున తీరిపోదు, రెండు తప్పులగును.

భారతమును గూర్చియే మరియొక మాట. ఆ కుక్క తుదకు ధర్మదేవతయై నిలిచెనని మనము పిల్లలకు ఉత్సాహముతో చెప్పుదుము. చెప్పుటలో ఏదో జారిపోవుచున్నదని నాకు తోచును. ధర్మరాజు నిలిచిన క్షణమున అది ఉత్త కుక్క. దేవతయని తెలిసియుండినచో నిలుచుటలో ఘనత యేమున్నది? తెలుగు భారతము ఆదిపర్వారంభముననే సరమ యను దేవశుని కథ గలదు. ఏ తప్పును చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టిరని ఆమె రాజసభకు వచ్చి మొరపెట్టుకొని శపించెను. గ్రంథపు తొలిపుటలలో కొట్టబడిన కుక్కయు, తుదిపుటలలో విడువబడని కుక్కయు నున్నవి. నడుమ పదునెనిమిది దినముల యుద్ధమున్నది.

వేదాంతులు వేరొక యడ్డుపుల్ల వేయుదురు. భాగవతము పంచమస్కంధమున భరతుని కథ చెప్పి, లేడిపిల్లమీది మమకారముచే తపస్సు చెడి లేడియై పుట్టెను గదా, ప్రాణులమీది వ్యామోహము బంధహేతువే యందురు. నా మనసున కా కథ యట్లు బోధపడదు. సింహగర్జనకు బెదరి తల్లి మరణింపగా నదిలో కొట్టుకొనిపోవు పిల్లను భరతుడు బయటికి తీసెను. తీయక కన్నులు మూసికొని జపము సాగించియుండినచో ఆ జపమునకు ఏ విలువ యుండెడిది? అతని చేటు దానిని కాపాడుటలో లేదు. లేడిపిల్ల దరి లేనిచో తాను నిలువలేని స్థితి వచ్చుటలో నున్నది. అప్పటికి లేడిపిల్ల క్షేమముకంటె తన మనసు తృప్తి ముఖ్యమైనది. వలసపోవువారు తమ్ము తాము అడుగవలసినదియు నిదియే. కుక్కను గొనిపోవుచున్నది దాని కొరకా, మన కొరకా? పదునాల్గేండ్ల ముసలికుక్కను, కీళ్లు పట్టినదానిని, బోనులో నిరికించి, ఇరువదిగంటలు చీకటిలో నుంచి, దిగినపిమ్మట నెల దినములు అపరిచితుల చేత నుంచి, మంచులో నిలువుమనుట ప్రేమయే యని మన మనుకొందుము. అది మన యెడబాటునకు మనము చేసికొను వైద్యము గాదా?

విడిచిపోవుటలోను ధర్మమార్గము గలదని శకుంతల చూపినది. అత్తవారింటికి పోవుచున్న యామె కొంగు పట్టి లాగినది తాను పెంచిన లేడిపిల్ల. దర్భమొన కోసికొనిన దాని నోటికి నూనె రాచి, గింజలు తినిపించి పెంచినది. అది రాజాంతఃపురమున బ్రతుకదు. కణ్వుని యాశ్రమమే దాని తావు. శకుంతల చూడనట్లు నటించి పోలేదు. వెనుదిరిగి, దానితో మాటలాడి, ఇక తండ్రి నిన్ను చూచునని చెప్పినది. ఆ తండ్రి యచ్చటనే నిలిచియున్నాడు, వినుచున్నాడు. అప్పగింత యనగా నదియే. ఎవరికి అప్పగించుచున్నామో పేరు చెప్పవలెను, ఆ వ్యక్తి యెదుట చెప్పవలెను, ఆ వ్యక్తి యంగీకారముతో చెప్పవలెను. "ఎవరో ఒకరు చూచుకొందురు లే" యనునది అప్పగింత కాదు. జంతుహింస నివారణకై 1960లో మన పార్లమెంటు చేసిన చట్టము, ఆకలిదప్పులచే బాధపడునట్టి స్థితిలో ప్రాణిని కారణము లేక విడిచిపోవుటను నేరముగా నెంచినది. ఆ నేరమునకు శిక్షపడినవారిని మన యూళ్లలో చూచితిమా? వేకువజామున కారులో నెక్కించుకొనిపోయి మామిడితోటల దాపున దించివచ్చువారిని ఏ చట్టము పట్టుకొనును?

యుద్ధకాలమున ఈ ప్రశ్న యెంత తీవ్రమగునో 2022వ సంవత్సరమున లోకము చూచినది. రష్యా ఉక్రెయినుపై దండెత్తినప్పుడు అచ్చట చదువుచున్న మన విద్యార్థులు వేలసంఖ్యలో తరలివచ్చిరి. కేరళ దేశపు బాలిక యొకతె తన కుక్కపిల్లను విడిచి రానని, దానితోనే సరిహద్దు చేరి, దానితోనే స్వదేశము చేరినది. అట్టివారికొరకు మన ప్రభుత్వము జంతువుల దిగుమతి నిబంధనలను తాత్కాలికముగా సడలించినది. ఆంధ్రుడొకడును ఆ దినములలో పత్రికల కెక్కెను. తణుకునుండి పోయి అచ్చట వైద్యుడైన యాయన యింట నున్నవి కుక్కలు కావు. ఒక నల్లచిఱుతయు, జాగ్వారు జాతి కలిసిన మరియొక పెద్దపిల్లియు. కీవు నగరపు జంతుప్రదర్శనశాలనుండి వానిని తెచ్చి పెంచుచుండెను. బాంబులు పడుచుండగా, వీనిని విడిచి రానని అచ్చటనే నిలిచిపోయెను. కొన్ని నెలలు గడచినపిమ్మట జీవనోపాధికై పోలండు పోవలసివచ్చి, వానిని స్థానికుడైన యొక వ్యక్తికి అప్పగించి, వానిని రక్షింపుడని మన ప్రభుత్వమును వేడుకొనెను.

ఆయన నిలుకడ చూచి నాకు గౌరవము కలిగినది. తుదకు కదలెనని నిందింపను. రొట్టెలేనివాడు చిఱుతకు మాంస మెచ్చటినుండి తెచ్చును? అయినను చిఱుతను గృహమున పెంచుట తగునా యను ప్రశ్న సరిహద్దు చేరినపిమ్మట పుట్టినది కాదు. దానిని తెచ్చిన దినముననే యున్నది. ఏ దేశపు సరిహద్దును దాటింపజాలని ప్రాణిని మన ప్రేమకు పాత్రముగా నెన్నుకొనుట, దాని బ్రతుకును మన భాగ్యమునకు ముడివేయుటయే. కుక్క విషయమున ఇంత తీవ్రత లేకున్నను న్యాయమొకటే. బిడ్డ యింటర్మీడియటు చదువుచున్నాడు, నాలుగేండ్లలో విదేశము పోవును, మనమును వెనుక పోవుదుమేమో యని యెరిగిన యింటివారు పండ్రెండేండ్లు బ్రతుకు కుక్కపిల్లను పండుగనాడు బహుమానముగా తెచ్చునప్పుడు ఈ లెక్క వేయవలదా? వేయరు. కుక్కపిల్ల రెండుచేతుల నిమిడియుండును. పండ్రెండేండ్లు కంటికి కనబడవు.

ఇక తిరువూరి యింటికి మరల వత్తము. ఇంతకును అనేక కుటుంబములలో జరుగునది గొనిపోవుట కాదు, తల్లిదండ్రులచెంత నుంచిపోవుట. ఇది మంచి యేర్పాటే కావచ్చును. కుక్కకు ఇల్లు మారదు. ఆ వాసన, ఆ వాకిలి, ఆ నీడ యట్లే యుండును. ముసలివారికి తోడుండును. సాయంకాలము వీడియోలో కొడుకు పలుకగా తల్లి "ఇదిగో, చూడు" మని ఫోనును దానియెదుట పెట్టును. అది చెవులు నిక్కించి తెరవెనుకకు పోయి వెదకును. ఇట్టి యింటిని చూచి యెవరు మెచ్చరు?

మెచ్చుకొనువారు ఆ యింటి పని యెవరు చేయుచున్నారో కూడ చూడవలెను. కుక్కపిల్లను తెచ్చినది కొడుకు. పేరుపెట్టినది కొడుకు. ఫోటోలు తీసినది కొడుకు. మూత్రము తుడిచినది, అన్నము కలిపినది, టీకా తేదీ జ్ఞాపకముంచుకొనినది తల్లి. మన యిండ్లలో ప్రేమ పురుషునిదియు, ప్రేమకు వలయు చాకిరి స్త్రీదియు నగుట కుక్కల విషయముననే మొదలుకాలేదు. ఇప్పుడు అరువదియైదేండ్ల యామె చేతిలో ముప్పదికిలోల కుక్క గొలుసు నుంచి కొడుకు విమానమెక్కును. అది పిల్లిని చూచి ఒక్క యుదుటున లాగినచో ఆమె పడును. పడినచో తుంటియెముక విరుగును. పశువైద్యునియొద్దకు ఆటోలో నెక్కించుకొనిపోవుట యెట్లు? ఎక్కించుకొను ఆటోవాడెవడు? ఆమె పది దినములు కూతురింటికి పోవలెనన్న దాని మాట యేమి? ఈ యడ్డంకిచే ఆమె కూతురింటికి పోవుటయే మానినచో, కొడుకు విడిచిపోయిన కట్టు ఆమె కాలికి పడినట్లే గదా.

కావున తల్లిచెంత నుంచువారు దానికి వలయు సొమ్మును నెలనెల పంపవలెను. గొలుసుపట్టి నడపుటకు ప్రక్కయింటి యువకునికి జీతమియ్యవలెను. ఆమె యూరు పోవలసినప్పుడు దానిని చూచువారిని ముందే కుదుర్చవలెను. అది ముసలిదై, వైద్యునికి అసాధ్యమై, తుది నిర్ణయము చేయవలసిన దినము వచ్చినప్పుడు ఆ భారమును ఒంటరిగా ఆమెమీద విడువక తాము వచ్చి నిలువవలెను. రాలేరా? కనీసము ఫోనులోనైన ఆ గంట యామెతో నుండవలెను. ఇన్ని చేయుట కుక్కను వెంటగొనిపోవుటకంటె సులభమని యెవరైన ననుకొనినచో వారు లెక్క తప్పుచున్నారు.

వీనియన్నిటికంటె ముందు చేయవలసినది యొకటి గలదు. అది అన్నిటికంటె తక్కువ వ్యయమైనది, అన్నిటికంటె తఱచుగా మరువబడునది. ప్రయాణపు పట్టికలో ఎన్ని మామిడితాండ్రలు, ఎన్ని కిలోల కారప్పొడి యని తల్లిని పదిసార్లు అడుగుదురు. పెట్టె తూచునప్పుడును ఆమెనే పిలుతురు. "అమ్మా, దీనిని నీ దగ్గర ఉంచిపోమంటావా? నీవల్ల ఔతుందా?" అని కూర్చుండబెట్టి అడిగిన కొడుకులెందరు? అడిగి, ఆమె కాదన్నచో కాదను మాటను విని, ఆ రాత్రి మరల పత్రములు ముందుపెట్టుకొని కూర్చున్నవారెందరు?